వంక లేకపోయినా వద్దనవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పుడప్పుడే పెళ్లి వద్దంటే ఒంగోలులో అమ్మ వినడం లేదు. ఈమధ్య వచ్చిన సంబంధంలో అబ్బాయి మంచివాడే. "అతనిలో ఏం వంక ఉందో చెప్పు" అని ఇంట్లో అందరూ నిలదీస్తున్నారు. 'లిటిల్ ఉమెన్' నవలలో జో అంటే నాకు ప్రాణం. ఆమె పేరు ఎత్తితే "ఆ పిల్ల కూడా చివరికి చేసుకుందిగా" అంది అమ్మ. ఏమనాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఆ పెళ్లి రచయిత్రి అనుకున్నది కాదమ్మా. 1868లో మొదటి భాగం రాగానే, ఎవరికి ఎవరితో పెళ్లవుతుందంటూ ఆడపిల్లలు లూయిసా మే ఆల్కాట్‌కు ఉత్తరాలు రాశారు. ఆడదాని బతుక్కి పెళ్లొక్కటే గమ్యమన్నట్టు అడుగుతున్నారని ఆమె డైరీలో రాసుకుంది. జో పెళ్లి లేకుండా రచయిత్రిగానే మిగలాల్సిందని తర్వాత ఒక ఉత్తరంలో చెప్పింది కూడా. పాఠకుల పోరు పడలేకే రెండో భాగంలో ఒక జర్మన్ ప్రొఫెసర్‌తో ముడిపెట్టింది. తాను మాత్రం చేసుకోలేదు, రాసిన డబ్బుతో ఇంటిల్లిపాదినీ ఆదుకుంది.

అయినా నువ్వు పట్టుకోవాల్సింది, పెళ్లి చేసుకుందామన్న లారీ అనే కుర్రాడిని జో కాదన్న ఘట్టం. లారీలో ఏం వంక ఉంది? పక్కింటివాడు, కలిగినవాడు, మంచి స్నేహితుడు, ప్రాణం పెట్టాడు. జో అతన్ని చిన్నచేయలేదు. నీ మీద ఆ ప్రేమ రావడం లేదు, నా స్వేచ్ఛ నాకిష్టం అని మొహం మీదే చెప్పింది. చెప్పి బాధపడింది కూడా.

నాకు ఆ ధైర్యం లేకపోయింది. 1989లో మల్లేశ్వరంలోని మా ఇంట్లో పెళ్లిచూపులు. నాకేమో ఎం.ఏ. పూర్తి చేయాలని. ఆ మాట అనలేక, అబ్బాయికి నత్తి ఉందన్నాను. పాపం, కంగారులో రెండు మాటలు తడబడ్డాడు, అంతే. మధ్యవర్తి ఆ మాటను వాళ్లింటికి మోసుకెళ్లాడు. ఇన్నేళ్లయినా అది నన్ను గుచ్చుతూనే ఉంది. పోనీ, దానివల్ల ఒరిగిందేమైనా ఉందా? మరుసటి నెలలోనే గలగలా మాట్లాడే అబ్బాయిని తెచ్చారు. వంక చెబితే ఆ వంక లేని సంబంధం వెతుకుతారు, అంతే.

అందుకే నువ్వు వంక వెతకొద్దు. ఆదివారం ఫోన్ చేసి, అబ్బాయి మంచివాడేనని ముందు ఒప్పుకో. ఎవరైనా సరే ఇప్పుడు నాకు పెళ్లి వద్దని ఆ తర్వాత చెప్పు. మీ అమ్మ ఏడిస్తే ఫోన్ పెట్టేయకు. ఆ శుక్రవారం రాత్రి బస్సెక్కి ఒంగోలు వెళ్లి, రెండు రోజులు ఆమె దగ్గరే ఉండి రా.