మేస్త్రి మాట నమ్మి 24 లక్షలు పెట్టవచ్చా?

ప్రశ్న: విశాఖ మురళీనగర్‌లో 180 గజాల్లో మాకు ఇల్లుంది. గ్రౌండ్ ఫ్లోరుకు 1998లో ప్లాను తీసుకున్నాం. ఈమధ్యే 60 ఏళ్లకు రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో 24 లక్షలతో పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిద్దామని ఆలోచన. ఒక్కోదానికి ఎనిమిది వేలు వస్తుందంటున్నారు. పై అంతస్తుకు మళ్లీ ప్లాను అక్కర్లేదని మేస్త్రి అంటున్నారు. నిజమేనా? కింద టైల్స్, వంటగట్టు కూడా మార్చాలి.

జవాబు: మేస్త్రి గారు శ్లాబు వేసి, కూలి తీసుకుని ఇంకో ఇంటికి వెళ్లిపోతారు. నోటీసు వస్తే అందుకోవాల్సింది మీరు. 1998 ప్లానులో ఉన్నది గ్రౌండ్ ఫ్లోరు ఒక్కటే కనుక పై అంతస్తుకు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి తీసుకోవాల్సిందే. టైల్స్, రంగులు, ప్లాస్టరింగ్, వంటగట్టు వంటి పనులకు అది అవసరం లేదు. అయితే వంటగది ఇరుకుగా ఉందని గోడను ప్రహరీ వైపు జరిపారంటే సెట్‌బ్యాక్‌లోకి, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి వెళ్లినట్టే. అప్పుడది మరమ్మతు కాదు, కొత్త కట్టడం.

ప్లాను లేని అంతస్తుకు ఆస్తిపన్ను పడదనుకోకండి. ఉల్లంఘన స్థాయిని బట్టి 25 నుంచి 100 శాతం వరకు జరిమానా కలిపి ఏటా వేస్తారు. ఆ రసీదు చూపించి ‘పన్ను కట్టించుకున్నారుగా, ఇక సక్రమమే’ అనేవారు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. పన్ను కడితే కట్టడం క్రమబద్ధమైనట్టు కాదు. అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే బీపీఎస్ మీద ఆశ పెట్టుకున్నా అంతే. 2019 నాటి పథకం 2018 ఆగస్టు 31 లోపు కట్టినవాటికే వర్తించింది. ఇప్పుడు వేసే శ్లాబుకు అది పనికిరాదు.

బ్యాంకు సంగతి ఇంకా గట్టిది. నిర్మాణ రుణానికి మంజూరైన ప్లాను అడుగుతారు. పైగా ప్లాను ప్రకారమే కట్టారని, నివాసానికి తగినదని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే భవనం మీద అప్పివ్వాలని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. రేపు పిల్లల చదువుకో, వైద్యానికో ఇంటిని తాకట్టు పెట్టాల్సి వస్తే మీ 24 లక్షల అంతస్తు అక్కరకు రాకపోవచ్చు.

ఇక మీరు అడగని లెక్క. రెండు పోర్షన్లూ ఏడాదంతా నిండి ఉంటే వచ్చేది 1,92,000. అదే సొమ్ముకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో, 2023 ఏప్రిల్ నుంచి ఇస్తున్న 8.2 శాతం వడ్డీ ప్రకారం 1,96,800 వస్తుంది. అక్కడ టు-లెట్ బోర్డు కట్టే పని లేదు, మోటారు కాలిపోదు. అద్దె ఏటా కాస్త పెరుగుతుంది, నిజమే. కానీ రిటైర్మెంటు డబ్బంతా సిమెంటులో పోయడానికి నేను ఒప్పుకోను. అంతగా కావాలంటే ప్లాను తీసుకుని ఒక్క పోర్షన్ వేయండి, మిగతాది స్కీములో ఉంచండి.

అన్నిటికంటే ముందు డాబా ఎక్కి, పై అంతస్తు కోసం అప్పట్లో పిల్లర్ల మీద వదిలిన ఇనుప చువ్వలను చూడండి. పాతికేళ్ల సముద్రపు గాలికి పొరలు పొరలుగా ఊడుతుంటే, పునాది ఎంత బరువు మోయగలదో స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే. ఆ ఫీజు దగ్గర బేరమాడకండి. ఆయన సరేనంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ (ప్లాన్లు గీసి దరఖాస్తు పెట్టే ఇంజినీరు లాంటివారు) ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించండి. దస్తావేజు, పాత ప్లాను, పన్ను రసీదు దగ్గరుంచుకోండి. అడవివరం, వేపగుంట వైపు పంచగ్రామాల భూముల్లో ఇల్లుంటే ఇంత తేలిగ్గా చెప్పేవాణ్ణి కాదు. అక్కడ సింహాచలం దేవస్థానం భూవివాదం అడ్డొస్తుంది.

టైల్స్ పని మాత్రం వచ్చే వారమే మొదలుపెట్టుకోవచ్చు. శ్లాబుకని మేస్త్రి అడ్వాన్సు అడిగితే, అనుమతి కాగితం చేతికొచ్చాక ఇస్తానని చెప్పండి.