మూడో బస పాయింట్ల కోసమే అయితే గిట్టుబాటు కాదు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఒక హోటల్ చైన్ తన సభ్యులకు మూడు నెలల్లో మూడు బసలు పూర్తిచేస్తే 6,000 అదనపు పాయింట్లు (తర్వాత గదికో బిల్లు తగ్గింపుకో వాడుకునేవి) ఇస్తానంటోంది. ఆఫీసు పని మీద విశాఖపట్నంలో ఒక రాత్రి, కుటుంబంతో బెంగళూరులో రెండు రాత్రులు మీకు ఎలాగూ ఉన్నాయి; ఒకే హోటల్లో వరుస రాత్రులు ఒక్క బసే కనుక ఇవి రెండు బసలు. మూడో బస లేదు కాబట్టి, ఉంటున్న హైదరాబాద్‌లోనే 5,200 రూపాయల గది ఒకటి తీసుకుని ఆఫర్ పూర్తిచేయవచ్చా? ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగేవాణ్ణి కనుక ఇలాంటి ఆఫర్లు కొన్ని పూర్తిచేశాను, అంతకంటే ఎక్కువ వదిలేశాను. ఆ హైదరాబాద్ గది తీసుకోవద్దనే నా సలహా, అయితే ఆఫర్‌ను పూర్తిగా వదులుకోనక్కరలేదు.

ముందుగా పాయింటుకు రూపాయల్లో విలువ కట్టాలి. అకోర్ వంటి చైన్‌లో ఈ పని సులువు, ఎందుకంటే అక్కడ 2,000 పాయింట్లకు బిల్లులో 40 యూరోలు తగ్గిస్తారు. మారియట్ వంటి వాటిలో గదికి కావలసిన పాయింట్లు తేదీని బట్టి మారిపోతాయి, స్థిరమైన పట్టిక అంటూ లేదు. చైన్ తన పాయింట్లను అమ్మే ధరను కూడా కొలమానంగా తీసుకోకూడదు. మారియట్ 1,000 పాయింట్లను మామూలుగా 12.50 డాలర్లకు అమ్ముతుంది, ఆ లెక్కన ఒక్కో పాయింటు రూపాయి దాటుతుంది, కానీ వాడేటప్పుడు మన దేశంలోని హోటళ్లలో అంత విలువ రావడం నేను అరుదుగా చూశాను. అందుకని నేను నిజంగా వెళ్లబోయే ఊళ్లో, వెళ్లబోయే తేదీకి, ఒకే గదిని డబ్బుతో ఎంత, పాయింట్లతో ఎంత అని యాప్‌లో పక్కపక్కన చూస్తాను. ఉదాహరణకు పన్నుతో కలిపి 7,140 రూపాయలు పడే గది 12,000 పాయింట్లకు వస్తోందనుకుంటే పాయింటుకు దాదాపు 60 పైసలు. అందులోనూ ఒక తిరకాసు ఉంది: డబ్బు ధరలో టిఫిన్ కలిసి ఉండి, పాయింట్ల గదికి అది లేకపోతే, నలుగురున్న కుటుంబానికి ఉదయం బఫే ఖర్చే ఆ 60 పైసలను 40కి దింపేయగలదు.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. 60 పైసల చొప్పున 6,000 పాయింట్లు 3,600 రూపాయలు. ఖర్చుచేసిన ప్రతి డాలరుకు పది పాయింట్లు ఇచ్చే చైన్ అయితే హైదరాబాద్ గది మీద మామూలుగా వచ్చేవి దాదాపు మరో 600, అంటే 360 రూపాయలు. మొత్తం 3,960. మీ జేబులోంచి పోయేది 5 శాతం జీఎస్టీతో కలిపి 5,460. సొంత ఇల్లున్న ఊళ్లో ఒక రాత్రి పడుకోవడానికి 1,500 రూపాయలు ఎదురు ఇచ్చినట్టు. పైగా పోయేది చేతిలోని డబ్బు, వచ్చేది వాళ్లు చెప్పిన చోట మాత్రమే చెల్లే పాయింట్లు. ఆషాఢం తగ్గింపులో సగం ధరకే వస్తోందని అక్కర్లేని చీర కొనడం లాంటిదే ఇది. పిల్లలకు ఈత కొలను చూపించాలనో, పెళ్లిరోజు జరుపుకోవాలనో ఆ రాత్రి ఎలాగూ కావాలనుకుంటే అది వేరే విషయం, అప్పుడు ఆఫర్‌తో పని లేకుండానే ఆ ఖర్చు సబబు.

మీకు మూడో బస బెంగళూరు ప్రయాణంలోనే దొరుకుతుంది. ఈ నిబంధనల్లో బస అంటే ఒకే హోటల్లో వరుసగా గడిపిన రాత్రులన్నీ కలిపి ఒకటి, రాత్రుల సంఖ్యతో దానికి సంబంధం లేదు. బెంగళూరులో పెద్ద చైన్‌లన్నిటికీ ఒకటికి మించి హోటళ్లున్నాయి కాబట్టి, అదే చైన్‌కు చెందిన రెండు హోటళ్లలో చెరో రాత్రి ఉంటే రెండు బసలవుతాయి. ఒకే హోటల్లో రెండు వేర్వేరు బుకింగులు చేసుకుంటే మాత్రం కుదరదు. మా సహోద్యోగి ఒకరు అలాగే చేశారు. ఉదయం గది ఖాళీ చేసి, కౌంటర్లో మళ్లీ సంతకం పెట్టి, కొత్త గది కార్డు, రెండు బిల్లులు తీసుకున్నారు, అయినా ఆయన ఖాతాలో చేరింది ఒక్క బసే. ఒకే రాత్రికి రెండు గదులు తీసుకున్నా పాయింట్లు పెరగవచ్చుగానీ బసల సంఖ్య పెరగదు. హోటల్ మారడంలో శ్రమ లేకపోలేదు: పదకొండుకో పన్నెండుకో గది ఖాళీ చేసి, మూడు గంటలకు రెండో గది ఇచ్చేదాకా పిల్లలతో ఎక్కడ ఉండాలో ముందే చూసుకోవాలి. సామాను మాత్రం రెండో హోటల్ కౌంటర్ దగ్గర పెట్టుకోనిస్తారు.

దీనికి అయ్యే అసలు ఖర్చు ధరలో తేడా. చైన్ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో చేసిన బుకింగుకే పాయింట్లు వస్తాయి, మేక్‌మైట్రిప్ వంటి వాటిలో చేస్తే సాధారణంగా రావు. బయట బ్యాంకు కార్డు తగ్గింపుతో 6,200కి దొరికే గది యాప్‌లో 6,900 ఉంటే, పన్నుతో కలిపి రెండు రాత్రులకు మీరు దాదాపు 1,470 రూపాయలు ఎక్కువ కడుతున్నట్టు. 3,600 విలువ ముందు అది ఫరవాలేదు, కానీ తేడా రాత్రికి 1,500 దాటిందంటే ఆఫర్ తీపి అంతా అక్కడే పోతుంది.

జీఎస్టీ గీతను కూడా గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400 గదికి పన్నుతో 7,770 అయితే, 7,600 గదికి 8,968 అవుతుంది. వారాంతపు ధరలు ఈ గీతకు అటూ ఇటూ ఊగుతుంటాయి కాబట్టి, సభ్యుల తగ్గింపుతో గీత కిందికి వచ్చే గది దొరికితే ఆ లాభం ఒక్కోసారి పాయింట్ల కంటే ఎక్కువే. పన్ను రూపంలో కట్టిన సొమ్ముకు ఎలాగూ పాయింట్లు లెక్కించరు.

విశాఖ బసను మాత్రం ఖాయమనుకోకండి. మీ సంస్థ హోటల్‌తో నేరుగా కుదుర్చుకున్న ధర అయితే సాధారణంగా చెల్లుతుంది. ట్రావెల్ ఏజెంటు టోకున కొన్న గది అయినా, సమావేశానికి నిర్వాహకులే బిల్లు కట్టే గది అయినా చెల్లకపోవచ్చు. ఆఫీసులో బుకింగులు చూసే వారిని ముందే అడిగి, మీ సభ్యత్వ సంఖ్య బుకింగులో చేర్పించండి. ఆ బస చెల్లదని తేలితే బెంగళూరులో హోటల్ మారే శ్రమ పెట్టుకోకుండా చవకైన చోట బుక్ చేసుకోవడమే మేలు, ఎందుకంటే రెండు బసలకు మీ ఆఫర్‌లో ఏమీ రాదు.

ఆఫర్‌లో పేరు నమోదు చేసుకోవడానికి ఖర్చేమీ లేదు కాబట్టి అది ఇవాళే చేసేయండి. చాలా ఆఫర్లలో నమోదుకు ముందు గడిపిన బసలను లెక్కలోకి తీసుకోరు. నమోదైన పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే, పాయింట్లు పడకపోయినప్పుడు బిల్లుతో పాటు పంపడానికి పనికొస్తుంది.