అంకె తప్పింది సరే, అసలు తప్పు అది కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని. జీతం 50,000, ఇంటి ఖర్చు 32,000. ఖమ్మంలో నాన్నగారికి అర్జెంటుగా ఆపరేషన్ అన్నారు. ఆ రాత్రే యాప్‌లో 24 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ 1,80,000 తీసుకుని, మా బావగారి ఖాతాకు 1,70,000 పంపాను. ఆయన వాట్సాప్‌లో పెట్టిన పాస్‌బుక్ ఫొటోలో, ఖాతా నంబరులో మడత మీదున్న 1ని 7 అనుకున్నాను. స్క్రీన్ మీద వేరే పేరు వచ్చినా, ఆయన సర్టిఫికెట్ పేరేమో అనుకున్నాను. డబ్బు ఇంకెవరి ఖాతాలోకో వెళ్లింది, నెలయినా తిరిగి రాలేదు. బావగారు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆస్పత్రిలో కట్టారు. ఆయనకు ఇచ్చేయడానికి అదే యాప్‌లో రెండో లోన్ తీసుకోవచ్చా? మ్యూచువల్ ఫండ్లలో 2,60,000 ఉన్నాయి. వాటిలోనే నెలనెలా 6,000 సిప్ (నెలవారీ పెట్టుబడి) కడుతున్నాను. వాటి జోలికి వెళ్లాలని లేదు.

జవాబు: వద్దు. ఆ యాప్‌ను ఇవాళే ఫోన్‌లోంచి తీసేయండి, వాయిదా మాత్రం బ్యాంకు ఖాతాలోంచి వెళ్లేలా చూసుకోండి. పోయిన డబ్బు మీద నెలకు దాదాపు 9,517 కడుతున్నారు. రెండేళ్లలో వడ్డీయే 48,000 దాటుతుంది. దాని పక్కన ఇంకోటి పెడతానంటున్నారు!

ముందు పోయిన డబ్బు సంగతి. ఆన్‌లైన్ బదిలీలో డబ్బు ఖాతా నంబరును బట్టే వెళ్తుంది, మీరు టైపు చేసిన పేరును బట్టి కాదు. అందుకే బ్యాంకు బదిలీ పద్ధతులైన ఎన్‌ఈఎఫ్‌టీ, ఆర్‌టీజీఎస్‌లలో కూడా అవతలి ఖాతాదారు పేరు చూపించాలని, అదీ ఉచితంగా చూపించాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. ఆ పేరు మీకు కనిపించింది కూడా. సర్టిఫికెట్ పేరేమో అనుకునే బదులు బావగారికి ఒక ఫోన్ కొడితే పోయేది. ఒక్క రూపాయి పంపి, 'వచ్చిందా?' అని అడిగినా సరిపోయేది.

అవతలి వ్యక్తి ఒప్పుకోకుండా బ్యాంకు ఆ ఖాతాలోంచి డబ్బు వెనక్కి తీయదు, ఆయన వివరాలూ మీకు ఇవ్వదు. మాటలతో కాకుండా లావాదేవీ రిఫరెన్సు నంబరు వేసి మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాల్సిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. మొండికేస్తే పోలీసు ఫిర్యాదు ఎలాగూ ఉంది.

అయినా ఆస్పత్రి డబ్బు బావగారి ఖాతాకు ఎందుకు వెళ్లాలి? నేరుగా ఆస్పత్రికే కట్టొచ్చుగా. ఆస్పత్రులకు యూపీఐ పరిమితిని 5 లక్షలకు పెంచుతున్నట్టు రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరులోనే చెప్పింది.

ఇక అసలు విషయం. అత్యవసర నిధి అంటే ఇలాంటి రోజు కోసం పక్కన పెట్టుకునే ఆరు నెలల ఇంటి ఖర్చు. మీకు అది 1,92,000. మీరు తీసుకున్న లోన్ 1,80,000. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసుకుని చూడండి. అత్యవసర నిధి ఉండుంటే యాప్ అవసరం పడేది కాదు, అర్ధరాత్రి కంగారులో పాస్‌బుక్ ఫొటో చదివే పనీ ఉండేది కాదు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇదే వరస. సిప్ ఉంటుంది, అత్యవసర నిధి ఉండదు. 'ఫండ్లు ఉన్నాయిగా' అంటారు. ఫండ్ అమ్మితే డబ్బు చేతికి రావడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడికి అది పనికొస్తుందా?

ఫండ్లను కదపాల్సిందే. 1,70,000 అమ్మి బావగారి అప్పు తీర్చండి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం, నెలకు 5,100. ఏ ఫండూ అంత ఇస్తుందని నమ్ముకోలేం. పైగా ఆ వడ్డీ మీ తండ్రిగారి కోసం ఇంకొకరు మోస్తున్నారు. మిగిలిన 90,000 కూడా తీసేయండి. 30,000 వేరే బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచి, 60,000 ఆన్‌లైన్‌లో ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగే ఎఫ్‌డీలో వేయండి. సిప్ ఆపండి. ఖర్చులు, వాయిదా పోగా మీ చేతిలో 8,483 మిగలాలి. అది మొత్తం ఈ నిధికే. ఏడాదిలో 1,92,000 దగ్గరకు చేరుతుంది, ఆ తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టుకోండి. తప్పు ఖాతాలోకి వెళ్లిన డబ్బు ఎప్పుడు తిరిగొచ్చినా, ముందే తీర్చేస్తే చార్జీ ఎంతో అగ్రిమెంటులో చూసి ఆ లోన్ మూసేయండి.

బంగారం తాకట్టు ఈ యాప్ లోన్ కన్నా నయమే, కానీ ఇప్పుడు మీకు ఏ అప్పూ అక్కర్లేదు. తల్లిదండ్రుల వైద్యానికి పీఎఫ్ అడ్వాన్సు దొరుకుతుంది. దాన్ని ఆఖరి దారిగానే ఉంచుకోండి. నాన్నగారికి ఆరోగ్యశ్రీ ఉందో లేదో కనుక్కోండి, తెలంగాణలో పరిమితి 10 లక్షలు.

ఇంకొకటి. మీ బ్యాంకు యాప్‌లో బెనిఫిషియరీల (మీరు డబ్బు పంపడానికి చేర్చుకున్న ఖాతాల) జాబితా తెరవండి. బావగారి పేరు మీద ఆ తప్పు నంబరే ఇంకా ఉండి ఉంటుంది. ఇది చదవడం పూర్తవగానే దాన్ని తొలగించండి.