ఇల్లు అమ్మేటప్పుడు నీ ముక్కును నమ్మకు

అమ్మడూ,

కుక్క, రెండు పిల్లులు తిరిగిన ఇల్లు కదా, అమ్మకానికి పెట్టే ముందు రంగులు వేయించమంటావా పెద్దమ్మా అని అడిగావు. రంగుల సంగతి తర్వాత, ముందు వాసన చూడు. మా ఇంట్లో ఏ వాసనా రాదని రాశావే, అసలు చిక్కు అక్కడే ఉంది. రోజూ పీల్చే వాసనను ముక్కు పట్టించుకోవడం మానేస్తుంది, ఎవరికైనా అంతే. మేం ఇల్లు అమ్మినప్పుడు నేనూ ఇలాగే ధీమాగా ఉన్నా. చూడడానికి వచ్చిన మొదటావిడ గుమ్మంలోనే ఆగి "కుక్క ఉందాండీ?" అంది. అదేమో మేడ మీద ఉంది, కనీసం మొరగనైనా లేదు! అందుకని పెంపుడు జంతువులు లేని ఇంటి నుంచి, మొహమాటం లేని మనిషినొకర్ని పిలిచి, అన్ని గదులూ తిప్పి చెప్పించుకో. వాళ్లు చెప్పింది విని బాధపడకు.

ఎక్కడో తెలిశాక ఫ్రెష్‌నర్ కొట్టి కప్పేద్దామని చూడకు, ఆ ఘాటుకి కొనేవాళ్లకు అనుమానం ఇంకా పెరుగుతుంది. ఉచ్చలో యూరిక్ యాసిడ్ ఉంటుంది, అది ఆరిపోయి పలుకుల్లా పేరుకుంటుంది, నీళ్లకు సరిగా కరగదు, అందుకే ఎంత కడిగినా అప్పటికి పోయినట్టే ఉండి గాలిలో తేమ పెరగగానే మళ్లీ గుప్పుమంటుంది. దానికి ఆ యాసిడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనరే వాడాలి. పైపైన చల్లి తుడిచేస్తే లాభం లేదు, ఉచ్చ ఎంత లోతుకు ఇంకిందో అదీ అంత లోతుకు ఇంకాలి, డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉండాలి. రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి యూవీ టార్చి వేసి చూడు, పాత మరకలు మెరుస్తాయి. మా సోఫా వెనక గోడ చూసి నాకు కళ్లు తిరిగినంత పనైంది.

అమ్మోనియా ఉన్న క్లీనర్ వద్దు, ఆ వాసనకు పిల్లి ఇది నా చోటే అనుకుని మళ్లీ అక్కడే పోస్తుంది. బ్లీచ్ అసలే వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. టీ ట్రీ నూనె లాంటివీ పెట్టకు, పిల్లులకు విషం. కార్పెట్ కింది మెత్త దాకా ఇంకిపోయి ఉంటే మాత్రం పీకి పారేయడమే, గచ్చుకు వాసనను ఆపే ప్రైమర్ వేయించి అప్పుడు పైన కొత్తది పరిపించు.

తలుపుల మీద గోళ్ల గీతలకు లప్పం పెట్టించి, అప్పుడు వేయించు నీ రంగులు. ఏసీ ఫిల్టర్లు కడుగు, బొచ్చంతా అక్కడే చేరుతుంది. ఫొటోలు తీసే రోజు వాటి గిన్నెలు, పిల్లులు దొడ్డికెళ్లే లిట్టర్ ట్రే, ఆ కొరికిన బొమ్మలు కంట పడకుండా చూడు.

ఇల్లు చూడడానికి జనం వచ్చే రోజు మూడింటినీ బయటికి పంపేయ్, ఎవరైనా తెలిసినవాళ్లింట్లో ఉంచు. గదిలో పెట్టి గడియ వేస్తే సరిపోదా అంటావేమో, నేనూ అదే చేశా. కొనేవాళ్లు అన్ని తలుపులూ తీసి చూస్తారమ్మా, చూడాలి కూడా. బాత్‌రూమ్ తలుపు తీశారు, పిల్లి వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూసుకుపోయింది, మేం ఇల్లు చూపించడం మానేసి దాన్ని వెతుక్కున్నాం.

జంతువులు పెంచారా అని అడిగితే నిజమే చెప్పు. పిల్లిని తీసేసినా దాని వల్ల వచ్చే ఎలర్జీ పదార్థం ఇంట్లో నెలల తరబడి ఉండిపోతుంది, వచ్చేవాళ్లింట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే మనం దాచినందుకు వాళ్లు అనుభవించాలి. బేరం తప్పిపోతుందని టెన్షన్ పడకు, మాకు చివరికి ఇల్లు కొన్నది ఇద్దరు పిల్లలూ ఓ ముసలి కుక్కా ఉన్నవాళ్లే.

టార్చి కొనకు, నాది పంపిస్తా.

మీ పెద్దమ్మ