అది బూజు కాదు, వేరు పిండినల్లి

అక్కా, హాల్లోని జేడ్ మొక్కకు నీళ్లు పోసేకొద్దీ వాడిపోతోంది, కుండీలోంచి తీస్తే వేళ్లకు తెల్లగా బూజులా ఉంది అన్నారు కదా, అది వేరు పిండినల్లి, అంటే వేళ్లకు పట్టి రసం పీల్చే చిన్న తెల్ల పురుగు (రూట్ మీలీబగ్). వేలితో నలిపి చూడండి, మైనంలా జిడ్డుగా అంటుకుంటుంది, కుండీ లోపలి గోడకు కూడా ఆ తెల్లటి మరకలే ఉంటాయి. నేనూ మొదట దాహమేమో అనుకుని ఇంకా నీళ్లు పోసి ఒక మొక్కను కుళ్లబెట్టుకున్నాను.

పాత మట్టంతా దులిపేసి, వేళ్లను కొళాయి ధార కింద బాగా కడిగి, మెత్తబడినవి కత్తిరించి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి కొత్త మట్టిలో నాటండి. కుండీని సబ్బుతో రుద్ది కడగాలి. వారం తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త లిక్విడ్ సోప్ కలిపి మట్టి తడిసేలా పోయండి, మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ, అలా మూడుసార్లు, ఎందుకంటే గుడ్లు ఒక్కసారికి చావవు.

పాత మట్టి పారేయబుద్ధి కాకపోతే తడిపి, పారదర్శకమైన కవర్లో పలచగా పరిచి మిద్దె మీద పడేయండి, మన కడప ఎండకు ఆ పురుగు చావడానికి నెలా నెలన్నర చాలు. పక్క కుండీల వేళ్లు కూడా చూడండి, చీమలు తిరుగుతుంటే మరీ అనుమానించాలి.