టెక్ సందేహాలు: కొండచిలువ ఆకుపచ్చగా ఎందుకొచ్చింది?

ప్రశ్న: మా నాన్నగారు 1980ల్లో జూలో గాజు వెనకున్న పాముల్ని, ఉడుముల్ని తీసిన స్లైడ్లు పెట్టె నిండా దొరికాయి. ఒకే కొండచిలువ ఒక స్లైడ్‌లో ఆకుపచ్చగా, ఇంకోదాంట్లో నారింజ రంగులో ఉంది. ఫిల్ము పాడైందా? స్కాన్ చేసి సరిచేయొచ్చా?

జవాబు: అప్పుడే ఫిల్ము మీద నింద వేయకండి. అదే రీలులో ఆరుబయట తీసిన ఫొటో ఉంటే ముందు అది చూడండి. అందులో రంగులు బాగానే ఉంటే తప్పు ఫిల్ముది కాదు, గాజు గదిలోని దీపానిది. మామూలుగా వాడే స్లైడ్ ఫిల్ము పగటి వెలుతురుకి, అంటే సుమారు 5500 కెల్విన్‌కి (వెలుతురు రంగుకి కొలత) తగ్గట్టు తయారయ్యేది. ట్యూబులైటు కింద తీస్తే ఆకుపచ్చకి తిరిగేది, పాతకాలం బల్బు కిందైతే నారింజకి. ఇప్పుడు ఫోన్ తనంతట తానే చేసే వైట్ బ్యాలెన్స్‌ని అప్పుడు లెన్సు ముందు రంగు ఫిల్టరు బిగించి సాధించేవారు. బల్బు కోసం పెట్టే నీలం 80ఏ ఫిల్టరు రెండు స్టాపుల వెలుతురు మింగేసేది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). అసలే చీకటి గది, పైగా 64 ఐఎస్‌ఓ లాంటి, వెలుతురు ఎక్కువ కావాల్సిన ఫిల్ము అయ్యుంటే మరీ కష్టం. ఆయన ఫిల్టరు పక్కన పెట్టేసి ఉంటే నేనైతే తప్పు పట్టను.

4000 డీపీఐ (అంగుళానికి 4000 చుక్కలు), 16 బిట్ టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. 35 ఎంఎం స్లైడ్ నుంచి దాదాపు 21 మెగాపిక్సెళ్లు వస్తాయి. రంగు సరిచేసేటప్పుడు తెల్లగానో బూడిదగానో ఉండాల్సిన గులకరాయిని, నీళ్ల తొట్టిని ఆధారంగా తీసుకోండి, పాముని కాదు. దాని అసలు రంగు మనకెవరికీ గుర్తుండదు. నారింజ స్లైడ్లలో నీలం చాలా పల్చగా నమోదై ఉంటుంది కాబట్టి మరీ లాగితే చుక్కలు చుక్కలుగా తేలుతుంది.

మౌంటు (స్లైడ్ చుట్టూ ఉండే చట్రం) మీద కోడాక్రోమ్ అనే కోడాక్ ఫిల్ము పేరు ఉంటే స్కానర్‌లో దుమ్ము తుడిచే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఆపేయండి. ఆ ఫిల్ముతో దానికి పడదు, పొలుసుల అంచుల్ని కూడా దుమ్మనుకుని చెరిపేయొచ్చు. గాలి బ్లోయర్‌తో ఊదడమే మేలు. పెట్టెలో డెవలప్ చేయని కోడాక్రోమ్ రీలు దొరికినా రంగుల మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ ప్రాసెసింగ్ 2010 చివరితో ఆగిపోయింది.

ప్రశ్న: ఊసరవెల్లిని బాగా దగ్గరగా తీసిన పాత స్లైడ్‌లో కన్ను తప్ప అంతా మసక. ఏఐ యాప్‌తో షార్ప్ చేయొచ్చా?

జవాబు: వద్దండి. అది లేని పొలుసుల్ని అల్లి పెడుతుంది. సరీసృపాల జాతిని గుర్తించడానికి పొలుసుల అమరికే చూస్తారు, అక్కడ కల్పన పనికిరాదు. పైగా అది పొరపాటు కాదు. జీవిని ఫిల్ము మీద అసలు సైజులోనే తీస్తే లెన్సు రంధ్రాన్ని ఎఫ్16 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 2 మిల్లీమీటర్లే. ఆ 2 మిల్లీమీటర్లనీ కంటి మీద పెట్టారంటే తీసినాయనకి పని తెలుసు.

ప్రశ్న: పాత ఎస్‌ఎల్‌ఆర్ ఫిల్ము కెమెరా చేతికొచ్చింది. గాజు వెనకున్న నల్లటి పాముని స్లైడ్ ఫిల్ము మీదే తీయాలనుంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: లెన్సుకి రబ్బరు హుడ్ తగిలించి గాజుకి ఆనించండి. ఫ్లాష్‌కి అనుమతి ఉంటే దాన్ని కెమెరా మీద కాకుండా వైరుతో పక్కకి, ఏటవాలుగా పట్టుకోండి. ఈ సంగతి తెలియక నేను ఒక రీలంతా గాజులో మెరిసిన తెల్లటి గుండ్రటి మచ్చల్ని తీశాను. ల్యాబ్ నుంచి వచ్చేదాకా తెలియలేదు!

కెమెరా మీటరు ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా నల్ల పాముంటే అది చెప్పినదానికంటే ఒక స్టాపు తగ్గించండి. స్లైడ్ ఫిల్ము అర స్టాపు తేడాని కూడా క్షమించదు కనుక ఒక్కో దృశ్యాన్ని మూడు ఎక్స్‌పోజర్లతో (వెలుతురు కాస్త ఎక్కువ, తక్కువ చేసి) తీసేవారు. అంటే 36 ఫ్రేముల రీలుకి చేతికొచ్చేది 12 ఫొటోలే. కదలకుండా ఉండాలని పాముల్ని ఫ్రిజ్‌లో పెట్టి తీసినవాళ్లూ ఉండేవారు, ఆ పాపం మనకొద్దు.

కళ్లు పాలు కలిపిన నీలంలా కనిపిస్తే ఫోకస్‌తో కుస్తీ పట్టకండి. పాము కుబుసం విడవబోతోంది. కొన్ని రోజులాగి, విడిచాక వెళ్లండి.