పడక పుండు ఉన్న రోగికి జావ ఒక్కటే సరిపోతుందా?

వరంగల్‌లో ఆస్పత్రిలో ఉన్న మీ నాన్నగారికి ఎక్కువకాలం మంచం మీదే పడుకుని ఉండడం వల్ల నడుం కింద పుండు (బెడ్ సోర్) పడిందని, గుడ్డు, పప్పు పెడితే చీము పడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఉత్త జావే పోస్తున్నారని రాశారు. దయచేసి ఆ పథ్యం మాన్పించండి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, గుడ్డు వల్ల కాదు. కొత్త కండ, చర్మం రావాలంటే ప్రోటీన్ కావాలి. పుండులోంచి కారే రసిలోనూ అది పోతూనే ఉంటుంది.

ఇలా తిండి తగ్గి నీరసించిన రోగికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్, 30 నుంచి 35 కేలరీలు అందాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే! అందుకే కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి: జొన్న గటకలో గడ్డ పెరుగు, మెత్తటి పెసరపప్పు కిచిడీ, జావలో పాలపొడి. ముందు గుడ్డు, పప్పు తినిపించి, తర్వాతే అన్నం పెట్టండి.

కిడ్నీ జబ్బు ఉంటే ఈ లెక్క డాక్టరే వేయాలి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే బలవంతంగా పెట్టకండి, వెంటనే నర్సుకు చెప్పండి. పుండు త్వరగా మానుతుందని జింక్ మాత్రలు మీ అంతట మీరు కొనకండి.